పద్నాలుగోసారి

పదమూడు సార్లు తిరిగొచ్చిన చంద్రవంక పద్నాలుగోసారి జారిపోయింది. సరిగ్గా అప్పుడే కుక్కర్ మూడో విజిల్ వేసింది. తప్పు కుక్కర్‌దే, నా బొటనవేలిది కాదు.

ఆడుతున్నది ‘సీ ఆఫ్ స్టార్స్’ అనే వీడియో గేమ్. అందులో నాయిక వలేర్ విసిరిన చంద్రవంక శత్రువుకు తగిలి తిరిగొచ్చే క్షణంలో మీట నొక్కితే మళ్లీ ఎగురుతుంది. పోనుపోను వేగం పెరుగుతుంది. రెప్ప వేస్తే అంతే.

2023లో కెనడాలోని క్యుబెక్ వాళ్లు చేసిన ఆట. చూపంతా 1995 నాటి జపాన్ ఆట ‘క్రోనో ట్రిగర్’ మీదే. శత్రువులు దారిలోనే కనిపిస్తారు, పోరు అక్కడికక్కడే. దానికి సంగీతం కట్టిన యసునోరి మిత్సుదా దీనికీ కొన్ని బాణీలిచ్చారు. అదను చూసి మీట నొక్కడం మాత్రం 1996 నాటి ‘సూపర్ మారియో ఆర్‌పీజీ’ని గుర్తు చేస్తుంది.

విచిత్రం ఏమిటంటే, చిన్నప్పుడు నేను ఆ రెండూ ఆడలేదు. మా ఇంట్లో ఉన్నది పసుపు క్యాసెట్ల వీడియో గేమ్. పనిచేయకపోతే క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊదేవాళ్లం. ఎంత దూరం వెళ్లినా ఆటను దాచుకునే వీలు లేదు. అమ్మ స్విచ్ ఆపితే లోకం మళ్లీ మొదటికి.

అయినా ఇవాళ పాత్రలన్నీ నెగడు చుట్టూ చేరి వంట చేసుకుంటుంటే, ఎప్పుడో వదిలొచ్చిన ఊరు చూసినట్టు గుబులు పుట్టింది. బాల్యం ఎవరిదో, బెంగ నాది.

ఆటలో మాటలు మాత్రం చప్పగా ఉన్నాయి. బాణీలు, బొమ్మలు కలిసి లాక్కొస్తున్నాయి.

అన్నం అడుగంటింది. రికార్డు ఇంకా పదమూడే.