ఫోను పెద్దల చేతిలోనే ఉండనిద్దాం

నవంబరులో బతికే ఉన్నామని తెలిపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుందన్న దిగులు కాజీపేట రైల్వే విశ్రాంత ఉద్యోగుల ఇళ్లలో ఏటా కనిపించేదే. 2014లో కేంద్ర ప్రభుత్వం వేలిముద్రతో ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ తెచ్చిన తర్వాత కాగితాల బాధ తగ్గింది గాని, ఏళ్ల తరబడి ఇనుముతో పనిచేసి అరిగిపోయిన వేలిముద్రలను యంత్రం గుర్తించక కొందరు మళ్లీ మళ్లీ తిరగవలసి వచ్చేది. 2021 నవంబరులో ముఖ గుర్తింపు వచ్చాక ఆ పనిని ఇంట్లోనే, మామూలు స్మార్ట్‌ఫోనులో పూర్తి చేసుకోవచ్చు.

అయినా హన్మకొండలో మా వాడకట్టు పెద్దలు ఇప్పటికీ ఎవరో ఒకరి కోసం ఎదురుచూస్తుంటారు. మనం నేర్పే తీరే అందుకు కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. మనుమడు ఫోను అందుకొని క్షణాల్లో పని ముగించి ఇచ్చేస్తాడు. ఏ బొమ్మ తర్వాత ఏది నొక్కాడో అవ్వకు తెలియదు. "జర నువ్వే చేసియ్యి బిడ్డా" అని వారే అడిగినా సరే, మన వేలు తెరను తాకకుండా మాటతోనే దారి చూపాలి.

ఈ ముఖ గుర్తింపు యాప్‌నే తీసుకుందాం. అది మొదట ఆపరేటరు (ఫోనులో ఆ పని చేసిపెట్టే మనిషి) ముఖాన్ని, ఆ తర్వాత పింఛనుదారు ముఖాన్ని అడుగుతుంది. ఒకే ముఖాన్ని రెండుసార్లు ఎందుకు చూపాలో అర్థంకాక చాలామంది అక్కడే ఆగిపోతారు. పింఛనుదారు తనకు తానే ఆపరేటరు కావచ్చన్న సంగతి ముందే విడమరచి చెబితే ఆ బెదురు పోతుంది. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోవాలని, తెర అడిగినప్పుడు కళ్లు ఆర్పాలని చెబితే మిగిలినది వారే చేసుకుంటారు. 80 ఏళ్లు దాటిన కేంద్ర పింఛనుదారులు అక్టోబరు నుంచే సర్టిఫికెట్ ఇవ్వవచ్చు కనుక వారితో తొందరపడవలసిన పనే లేదు.

నేర్పడానికి ముందు ఫోనును వారికి తగ్గట్టు మార్చాలి. అక్షరాలు పెద్దవి చేయడం అందరికీ తెలిసిందే. పెద్దల వేలు తెర మీద కాస్త ఎక్కువసేపు నిలిచిపోవడం వల్ల మామూలు నొక్కుడును ఫోను అదిమిపట్టినట్టుగా భావించి, అడగనివేవో తెరుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాక్సెసిబిలిటీ సెట్టింగులలో ఆ వ్యవధిని పెంచుకునే వీలుంది. ఈ ఒక్క మార్పుతోనే "నాకు చేతకాదు" అన్న మాట తగ్గడం నేను చూశాను.

డబ్బు విషయంలో మాత్రం మొదటి రోజే ఒక నియమం గట్టిగా చెప్పాలి: యూపీఐ పిన్ డబ్బు పంపడానికి కావాలి గాని, రావలసిన డబ్బు తీసుకోవడానికి ఎన్నడూ అక్కరలేదు. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులతో కనిపించి బెదిరించే డిజిటల్ అరెస్టు మన చట్టంలోనే లేదని కూడా చెప్పాలి. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరును వారి చేతనే ఫోనులో రాయించాలి. మోసం జరిగిన వెంటనే ఆ నంబరుకు చెబితే డబ్బును మధ్యలోనే ఆపే అవకాశం ఉంటుంది. కానీ కొడుకు కోప్పడతాడన్న భయంతో విషయం దాచిన ఇంట్లో ఆ సమయం చేజారిపోతుంది.