పెరట్లోకి వచ్చిన బావురు పిల్లి

రాత్రి పదకొండు దాటింది. అత్తయ్యగారు పడుకున్నారు, మా వారు ఇంకా చెరువు గట్టు మీదే ఉన్నారు. ఉదయం నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

తెల్లవారుజామున కళ్ళాపి చల్లడానికి పెరటి తలుపు తీసేసరికి, కోళ్ళ గూటికీ కొబ్బరి మట్టల దడికీ మధ్య అది నిలబడి ఉంది. ఊరపిల్లికి రెండింతలు ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద వరుసలు కట్టిన నల్లని మచ్చలు, నుదుటి నుంచి మెడ మీదికి సాగిన చారలు, ఆ ఒంటికి నప్పని పొట్టి తోక, ముందు కాళ్ళకు ఇంకా ఆరని బురద. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, తర్వాత దడి కింది సందులోంచి కాలువ వైపు జారిపోయింది. గూట్లో ఒక పెట్ట లేదు. నేను గాభరాగా లోపలికి పరుగెత్తి, "పులిలాంటిది ఏదో వచ్చిందండీ" అన్నాను.

గంట తిరిగేసరికి ఆ మాటలో "లాంటిది" ఎగిరిపోయి "పులి" ఒక్కటే మిగిలింది. ఎదురింటి కుర్రాడు మా బురదలోని అడుగులను ఫోనులో తీసి, వాటికి ఎక్కడిదో చిరుతపులి గాండ్రింపు జతచేసి వాట్సాప్‌లో పెట్టాడు. ఎనిమిదింటికల్లా పెరడంతా జనం. కర్రలు పట్టుకొచ్చినవాళ్ళు కొందరు, సీమటపాకాయలు తెచ్చినవాళ్ళు కొందరు. నిన్నగాక మొన్న నాటిన అరటి పిలకలన్నీ తొక్కేశారు. అది బావురు పిల్లి అనీ, వన్యప్రాణి చట్టంలో పెద్దపులితో పాటు మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అనీ, దాన్ని కొడితే జైలు తప్పదనీ నేను ఎంత చెప్పినా, "నీకేం తెలుసమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు" అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో సగం మంది ఈ మడ అడవుల పక్కనే పుట్టి, ఆ పాయల్లోనే వల వేసి బతికినవాళ్ళు. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. ఇన్నేళ్ళుగా అది మన గుమ్మం ముందే ఉండగా, అందులో ఉండే పిల్లిని చూసి పోల్చుకోలేకపోతే ఎలా?

నేను దాన్ని పోల్చుకోగలిగానంటే అది నాన్న పుణ్యమే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, పీతల కోసం వెళుతూ నన్ను నావలో కూర్చోబెట్టుకున్నారు. పాటు తీసి నీళ్ళు దిగిపోయిన పాయలో, మడ వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొని ఉన్నాయి. ఒక మలుపులో నాన్న తెడ్డు ఆపి నా భుజం నొక్కారు. నీటి అంచున పిల్లి ఒకటి, చెక్కిన బొమ్మలా ముందుకు వంగి కూర్చుని ఉంది. ఎంతసేపు కదలకుండా ఉందో చెప్పలేను గానీ నా కాలు తిమ్మిరెక్కింది. ఉన్నట్టుండి తలతో సహా నీళ్ళలోకి దూకి, నోట చేపతో పైకి వచ్చి, ఒళ్ళు విదిలించుకుని మడ చెట్ల లోపలికి వెళ్ళిపోయింది. "దాని కాలివేళ్ళ మధ్య చర్మం ఉంటుందమ్మా, బాతుకు ఉన్నట్టు. అది కూర్చున్న చోట చేప ఉన్నట్టే, గుర్తుపెట్టుకో" అన్నారు నాన్న. ఆ రోజు మేము అక్కడే వల వేశాం.

ఇంతవరకు రాసేసరికి ఉదయపు కోపం మీద నాకే అనుమానం కలిగింది. మధ్యాహ్నం అన్నం పెడుతూ అత్తయ్యగారు, "నీకు తెలుసు కాబట్టి నీకు భయం లేదు. పక్కింట్లో ఇద్దరు చంటిపిల్లలు, చీకటి పడితే దొడ్డి దాకా వెళ్ళాలి కదా" అన్నారు. అప్పుడు నేను బదులివ్వలేదు. 2022లో ప్రత్తిపాడు వైపు పెద్దపులి వారాల తరబడి పశువులను చంపుతూ తిరిగింది. 2024లో కడియం నర్సరీల్లోకి చిరుత వచ్చింది. ఆ రెండు కబుర్లూ విన్న మనిషికి పెరట్లో మచ్చలున్న జంతువు అనగానే చేతిలోకి కర్ర రావడంలో వింత లేదు. అందులోనూ పులి అనే మాట మొదట అన్నది నేనే. ఆ కుర్రాడు చేర్చిన గాండ్రింపును మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

ఇంకొక సంగతి కూడా ఉంది. దాని కాళ్ళకు అంటిన బురద మా చెరువుది. ఆ చెరువు తవ్వకముందు అక్కడ మడ ఉండేది, తవ్వించింది మేమే. రొయ్యలు వేసిన మొదటి ఏడు వచ్చిన డబ్బుతోనే ఈ ఇంటికి స్లాబు పడింది.

గూటికి సన్న కళ్ళ ఇనుప వల తెమ్మని రేపు మా వారికి చెప్పాలి. పెరట్లో రాత్రంతా పెద్ద లైటు వెలిగించాలని పక్కింటివాళ్ళు అడిగారు. అది వెలిగితే పిల్లలకు ధైర్యం, పిల్లికి కాలువ దారి మూసుకుపోతుంది. వాళ్ళకు ఏమని చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.