కర్ణాటక ఇంటర్‌సెప్టర్‌కు టీజీ నంబరు వచ్చేదాకా: నా అనుభవం

నిన్న సాయంత్రం నా రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిలు ఇంటర్‌సెప్టర్ 650కి టీజీ నంబరు ప్లేటు బిగించాను. బెంగళూరులో కొన్న పాత బండిని హైదరాబాదు రికార్డుల్లోకి ఎక్కించడానికి పడిన పాట్లు ఇంకా మనసులో మండుతుండగానే రాసిపెడుతున్నాను. ఇలాంటి బండి మీద మనసుపడి పొరుగు రాష్ట్రంలో బేరాలు చూస్తున్నవాళ్ళకు పనికొస్తుంది.

కొత్తది ఎందుకు కొనలేదని అందరూ అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ళ మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకు మించినవాటి మీద 40 శాతానికి ఎక్కింది. క్లాసిక్ 350 చాలనుకునేవారికి మంచి కాలం. నాకు కావలసింది 648 సీసీ జంట సిలిండర్లు, అంటే 40 శాతం పన్ను. అందుకే పాతదానికి వెళ్ళాను. 1960 దశకంలో ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఇంటర్‌సెప్టర్ అన్న పేరును, ఆ కాలపు ట్యాంకును, రెండు పక్కలా మెరిసే సైలెన్సర్లను 2018లో మళ్ళీ తెచ్చారు. పైకి పాత రూపం, లోపల ఫ్యూయెల్ ఇంజెక్షన్, ఏబీఎస్, ఆరు గేర్లు. పిస్టన్లు తిప్పే 270 డిగ్రీల క్రాంకు ఇచ్చే ఆ చప్పుడు వింటే పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగినా విసుగు రాదు.

అమ్మినాయన అనంతపురం మనిషి, బెంగళూరులో ఉద్యోగం. కొన్ననాటి కాగితాలన్నీ ఒక సంచిలో పదిలంగా దాచినవాడు. ఆయన మీద ఎప్పటికీ గౌరవం ఉంటుంది. బ్యాంకు అప్పు తీరినట్లు ఫారం 35, వాళ్ళ ఉత్తరం తెచ్చారు. యాజమాన్యం మార్పిడికి ఫారం 29, 30, బండి వేరే రాష్ట్రానికి వెళ్ళడానికి అభ్యంతరం లేదన్న ఎన్‌వోసీకి ఫారం 28 మీద సంతకాలు పెట్టారు. బండి మీద దొంగతనం కేసు లేదని నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వెబ్‌సైటు నుంచి నివేదిక తీసుకున్నాం. ఎన్‌వోసీ వచ్చింది. ఇక్కడి రవాణా కార్యాలయంలో కొత్త నంబరు కోసం ఫారం 27 నింపి, బండి వయసును బట్టి జీవితకాల పన్ను కట్టి, తనిఖీకి స్లాటు తీసుకున్నాను. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

తనిఖీ రోజున బండి చట్రం మీద కొట్టిన గుర్తింపు సంఖ్య, అంటే ఛాసిస్ నంబరు ముద్ర తీయాలి. ఈ బండికి అది స్టీరింగు హెడ్ గొట్టం మీద కొట్టి ఉంటుంది. హ్యాండిలు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, కేబుళ్ళు పక్కకు జరిపి, పేరుకున్న మట్టిని కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దాను. పదిహేడు అక్షరాలూ అచ్చు గుద్దినట్లు వచ్చాయి. ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్నీ కంప్యూటరు తెరనూ మార్చి మార్చి చూశాడు. "నంబరు కలవడం లేదు. ఈ బండి ఎక్కడిది?" అన్నాడు.

ఒక్క అక్షరం తేడా. లోహం మీద సున్నా. కర్ణాటక నుంచి వచ్చిన రికార్డులో ఇంగ్లీషు అక్షరం 'ఓ'. ఆర్సీ కార్డు మీద ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి, భూతద్దం పెట్టినా తేడా పట్టలేం. కంప్యూటరుకు మాత్రం అవి వేర్వేరు.

నేను ఔషధ కంపెనీలో బ్యాచ్ నంబర్లు సరిచూసే పనిలో ఉన్నాను. నా చేతి మీదుగా వెళ్ళిన సరుకులో ఒక్క అంకె తప్పుపోయిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకే నెమ్మదిగా చెప్పబోయాను: "సార్, పదిహేడు అక్షరాల వాహన గుర్తింపు సంఖ్యలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఒకటి, సున్నాలతో పొరపడతారనే ప్రపంచమంతటా ఆ నియమం. కాబట్టి రికార్డులో ఉన్న 'ఓ' అసలు ఉండే వీలే లేదు." ఆయన వినలేదు. "నువ్వు నాకు నేర్పుతావా? దొంగ బండి అయితే పోలీసులకు అప్పగిస్తాను, పక్కకు తియ్యి" అన్నాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. వరుసలో ఉన్నవాళ్ళందరూ నన్నూ బండినీ తేరిపార చూశారు. పక్కనే డిగ్రీ చదివే మా అమ్మాయి ఉంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరూ నన్ను దొంగను చూసినట్లు చూడలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

గేటు దగ్గర ఒక బ్రోకరు వచ్చి, "అన్నా, ఇస్తే సాయంత్రానికి అయిపోతుంది" అన్నాడు. ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆ తప్పుడు అక్షరమే నా ఆర్సీలోకి, బీమాలోకి పాకేది. రేపు ప్రమాదం జరిగితే క్లెయిము కొట్టేయడానికి అదొక్కటి చాలు. డబ్బిచ్చి పని చేయించుకునేవాళ్ళు కాగితాన్ని కొంటారు, దానిలో తప్పు ఉంటే అదీ వాళ్ళదే అవుతుంది.

తరువాత మొదలయ్యాయి అసలు తిప్పలు. ఇక్కడేమో తప్పు అక్కడిది, అక్కడే దిద్దించుకురమ్మన్నారు. బెంగళూరులోనేమో ఎన్‌వోసీ ఇచ్చేశాక ఫైలు తమ చేతిలో లేదన్నారు. అమ్మినాయన నా కోసం సెలవు పెట్టి అక్కడి కిటికీ దగ్గర నిలబడ్డారు. చివరికి ఆయన సంచిలోని రెండు కాగితాలు ఆదుకున్నాయి: డీలరు ఇచ్చిన అమ్మకం పత్రం ఫారం 21, బండి రోడ్డు మీద నడవడానికి తగినదని తయారీదారు ఇచ్చిన ఫారం 22. రెండింటిలోనూ సున్నాను అడ్డగీతతో ముద్రించారు. వాటికి పెన్సిలు ముద్ర జతచేసి, ఇక్కడి పై అధికారికి అర్జీ రాశాను. "తిరస్కరిస్తే కారణం లిఖితపూర్వకంగా ఇవ్వండి" అన్న వాక్యం కింద గీత గీశాను. ఆ అధికారిణి నా కాగితాలు ఒక్కొక్కటిగా చదివి, నన్ను కూర్చోమని, అక్కడి కార్యాలయానికి స్వయంగా ఈమెయిలు పంపించారు. అక్కడ దిద్దారు. రెండో తనిఖీ మరో ఇన్‌స్పెక్టరు చేశాడు, టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. మొదటాయన అదే ఆవరణలో ఉండి కూడా నా వైపు చూడలేదు. క్షమాపణ అడగాల్సిన మనిషి ఆయన.

కొనేవాళ్ళకు నా మాట: బేరం కుదిరే ముందే ఫారం 22 చూపించమనండి. ఆ కాగితం లేదంటే ఎంత మెరిసే క్రోమ్ ఉన్నా ఆ బండి వద్దు. మార్చిన సైలెన్సరు ఉంటే అసలువి కూడా ఇస్తేనే డబ్బు కట్టండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అలాంటి మార్పులను ఒప్పుకోదు. నగరంలో పోలీసులు చప్పుడు సైలెన్సర్లను రోలరు కింద తొక్కించిన సంగతి తెలిసిందే. పొరుగు రాష్ట్రపు నంబరుతోనే నడిపేద్దామనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పన్నెండు నెలలు దాటితే ఇక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షను చెబుతోంది.

పోషణ గురించి అడిగినవాళ్ళకు: స్పోకు చక్రాల్లో ట్యూబులుంటాయి, పంక్చరయితే చక్రం విప్పాల్సిందే. అల్లాయ్ చక్రాలు 2023లో గానీ రాలేదు. వానకు తడిసిన స్పోకులను అదే రోజు తుడవకపోతే తుప్పు ఖాయం. ఎనిమిది వాల్వుల సందులూ ఇంజను చల్లగా ఉన్నప్పుడు సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజితో చూడాలి. వేడి ఇంజను మీద సరిచేస్తానన్న మెకానిక్ దగ్గర నేను బండి ఆపను. గేజి రాణిగంజ్‌లో కొన్నాను, ఆ పని నేనే చేసుకుంటాను.

కర్ణాటక పన్నులో మిగిలింది వాపసు రావాలి. అది అమ్మినాయనకు చెందాల్సిన డబ్బు, దరఖాస్తు వెళ్ళింది. బీమాలో కొత్త నంబరు ఎక్కింది. పాలసీ రాగానే ఛాసిస్ నంబరు అక్షరం అక్షరం సరిచూశాను, సున్నా సున్నాగానే ఉంది. ఆదివారం మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని నర్సాపూర్ అడవి దారిన వెళుతున్నాను.