మ్యాప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏ సర్వీసులున్నాయి?

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు. నెల్లూరు జిల్లా తీరంలో ఈ వైపు 11 కేవీ (కిలోవోల్టుల) కరెంటు లైన్లు చాలాచోట్ల రొయ్యల చెరువుల గట్ల మీదుగా పోతాయి. వీటిని జీఐఎస్‌లోకి (కంప్యూటర్ మ్యాప్‌లోకి) ఎక్కించడమంటే స్తంభాల ఫొటోలు, జీపీఎస్ పాయింట్లు తీయడమే అనుకుంటారు. అది సులువైన సగం. రాత్రిపూట ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే ఎవరెవరికి కరెంటు పోయిందో, పక్కదాని మీదికి ఎంత లోడు మార్చొచ్చో ఆ పాయింట్లు చెప్పవు. కనెక్షన్ల వరుస చెబుతుంది: ఏ సబ్‌స్టేషన్, ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను), ఏ ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును తెరిచి మూసే స్విచ్) తర్వాత, ఏ ట్రాన్స్‌ఫార్మర్, ఏ స్తంభం, ఏ ఫేజు, ఏ సర్వీసు (వినియోగదారు కనెక్షన్) నంబరు.

ఈ వరుసను ఫోనులో జీపీఎస్ చూసి ఊహించి రాయకూడదు. ఆరుబయట కూడా అది నాలుగైదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. ఒకే గట్టు మీద రెండు లైన్లు పక్కపక్కనే ఉంటే సర్వీసు పక్క ట్రాన్స్‌ఫార్మర్‌కు పడిపోతుంది. తీగ వెంట నడిచి చూడాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ వైపు) ఫ్యూజు తీసి ఏ మీటర్లు ఆగాయో చూడటమే గట్టి పరీక్ష. దానికి వేళ చూసుకోవాలి. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువ, ఎండ బాగా కాసే మధ్యాహ్నం ఎక్కువ. అందుకే రైతులకు ముందే చెప్పి, ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తక్కువగా తిరిగే మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఆ పరీక్ష పెట్టుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు గుర్తింపులు ఉండాలి. ఒకటి దిమ్మెది లేదా స్ట్రక్చర్‌ది. అది చోటు మారదు. రెండోది ట్యాంకు మీద ఉండే సీరియల్ నంబరు. కాలిపోతే అది రిపేరుకు పోయి, ఇంకోటి వస్తుంది. రెండూ ఒకే నంబరు కింద కలిపేస్తే 63 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని కొలిచే లెక్క) తీసి 100 పెట్టిన రోజున రికార్డులో పాత సామర్థ్యమే మిగిలిపోతుంది. ఏ ట్యాంకు ఎన్నిసార్లు కాలిందీ, ఏ చోట మాటిమాటికీ కాలుతోందీ విడివిడిగా తెలియదు. మాటిమాటికీ కాలేది చోటైతే తప్పు ట్యాంకుది కాదు. లోడు, ఎర్తింగు, ఎల్‌టీ ఫ్యూజు చూడాలి.

లోడు లెక్క ఎలా పనికొస్తుందో చూడండి. రెండు హెచ్‌పీ ఏరియేటరు మోటారు సామర్థ్యం 80 శాతం అనుకుంటే సుమారు 1.86 కిలోవాట్లు లాగుతుంది. ముప్పై తిరిగితే 56 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లాగే కేవీఏలో నిజంగా పనిచేసే కిలోవాట్ల వాటా) 0.8 అయితే అది 70 కేవీఏ. అంటే 63 కేవీఏ మీద 84 ఆంపియర్లు ఉండాల్సిన చోట 93 దాకా పోతుంది. కెపాసిటర్లు పెట్టి పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కి తెస్తే అదే లోడు 59 కేవీఏ. ట్రాన్స్‌ఫార్మర్ మార్చకుండానే సరిపోతుంది. అందుకే సర్వీసు రికార్డులో హెచ్‌పీతో పాటు కెపాసిటరు ఉందా, పనిచేస్తోందా అనేది కూడా రాయాలి.

ఎనర్జీ ఆడిట్‌లో (ట్రాన్స్‌ఫార్మర్ మీటరు యూనిట్లను దాని కింది సర్వీసుల యూనిట్లతో పోల్చే లెక్కలో) నష్టం మైనస్‌లో వస్తే దొంగతనం సంగతి పక్కనపెట్టి రికార్డును అనుమానించాలి. సీటీ (కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) 200/5 అయితే రీడింగును హెచ్చవేసే గుణకం 40. 150/5 అని 30 రాస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీటరు యూనిట్లు పాతిక శాతం తగ్గి కనపడతాయి. ఒక ఫేజు సీటీ తిరగబడితే, నికర లెక్క తీసే మీటరులో సమాన లోడు మీద మూడో వంతే నమోదవుతుంది. ఫేజువారీ కిలోవాట్లు చూస్తే మైనస్ గుర్తుతో అది బయటపడుతుంది. ఇళ్ల రీడింగు ఒక రోజు, ట్రాన్స్‌ఫార్మర్ రీడింగు వారం తర్వాత తీసినా లెక్క తప్పుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మైనస్ వస్తోందంటే పక్క ట్రాన్స్‌ఫార్మర్ సర్వీసులు దీని కింద పడ్డాయేమో చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుకునే గడి జనరేటరు. చెరువుల దగ్గర డీజిల్ జనరేటర్లు మామూలే. చేంజోవర్ స్విచ్ (లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా చూసేది) లేకుండా నడిపితే ఎల్‌టీ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయి పైన 11 కేవీగా బయటికొస్తుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పనిచేసేందుకు అనుమతి) తీసుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు అది ప్రాణాంతకం. జనరేటరు ఉందా, చేంజోవర్ ఉందా అని సర్వీసు రికార్డులో రాసి, ఎల్‌సీ తెరలో ఆ లైను కింద ఉన్న అలాంటి సర్వీసులన్నీ కనపడేలా పెట్టాలి. అంతమాత్రాన ఎర్త్ రాడ్ మానకూడదు: ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లూ తెరుచుకున్నాయని కంటితో చూసి, కరెంటు లేదని పరీక్షించి, పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ చేశాకే ఎక్కాలి. స్కాడా (సబ్‌స్టేషన్‌ను దూరం నుంచి చూసే కంప్యూటర్ వ్యవస్థ) తెరలో బ్రేకరు 'ఓపెన్' అని చూపడం ఈ పనికి చాలదు.

ట్రిప్ (లోపం వచ్చి లైను దానంతటదే ఆగిపోవడం) రికార్డును గంటలవారీగా పేర్చి చూడటం ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఫలితం మాత్రం వెంటనే కనపడుతుంది. తీరం ఫీడర్‌లో ఎర్త్ ఫాల్ట్ (కరెంటు నేలలోకి పోవడం) ట్రిప్పులు తెల్లవారుజామున మంచు పడే వేళకే గుమిగూడితే, ఇన్సులేటర్ల మీద పేరుకున్న ఉప్పు తడిసి కరెంటు జారుతోందని అనుమానించాలి. ఆ స్తంభాల జాబితా తీసి ఇన్సులేటర్లు తుడిపించాలి, లేదా పాలిమర్‌వి మార్చాలి. అదే ఉదయగిరి వైపు ఓవర్‌కరెంట్ ట్రిప్పులు పంపుసెట్లకు సరఫరా మొదలయ్యే నిమిషాల్లోనే వస్తుంటే, మోటార్లన్నీ ఒక్కసారి స్టార్టవుతున్నాయేమో చూడాలి. ఈ విశ్లేషణ నిలవాలంటే అన్ని సబ్‌స్టేషన్ల గడియారాలు ఒకే సమయం చూపించాలి. పది నిమిషాల తేడా ఉన్నా ఏది ముందు ట్రిప్పయిందో తేలదు.

జంపరు (లైన్లను కలిపే తీగ ముక్క) మార్చి లోడు పక్క ఫీడరు మీదికి తోసిన రోజే మ్యాప్‌లోనూ మార్చాలి. సిగ్నల్ అందని చోట ఫోనులో దాచుకున్న ఎంట్రీలను సాయంత్రం సబ్‌స్టేషన్‌కు వచ్చాక సింక్ చేసి, ఆ ఫీడరు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆమోదించాకే పాత కనెక్షన్ తీసేయాలి.