మెడికల్ సీటు వచ్చింది: కాలేజీలో చేరకముందు నేను అడగని ప్రశ్న

పోయిన గురువారం మధ్యాహ్నం టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ మెడికల్ స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. సీటు ఇచ్చారు. అమ్మ దేవుడి గదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. అక్కడ అర్ధరాత్రి దాటిందని కూడా చూడకుండా నాన్న గుంటూరులో నానమ్మను లేపి చెప్పారు.

ఇది రెండోసారి అప్లై చేస్తే వచ్చిన సీటు. మొదటిసారి ఎందుకు రాలేదో చెప్పాలని ఉంది. ఈ ఏడాది ట్వెల్త్ గ్రేడ్‌లో ఉండి, ప్రీమెడ్‌కి (మెడికల్ స్కూల్‌కి ముందు చేసే డిగ్రీ చదువుకి) ఏ యూనివర్సిటీ అని తల పట్టుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది.

అప్పట్లో నా ముందు రెండు దారులు. ఒకటి యూటీ డాలస్ (టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీ), ఇంటి నుంచి అరగంట, స్కాలర్‌షిప్ కూడా ఇస్తామన్నారు. రెండోది తూర్పు తీరంలో పెద్ద పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ. క్యాంపస్ చూడ్డానికి వెళ్తే, తమ దగ్గర చదివి మెడికల్ స్కూళ్లకు అప్లై చేసినవాళ్లలో 90 శాతానికి పైగా సీటు తెచ్చుకుని చేరుతున్నారని చెప్పారు. దేశం మొత్తం మీద ఆ లెక్క నలభై చిల్లరే. అది విన్నాక ఇంకేం ఆలోచిస్తాం? అప్పు చేసి మరీ చేరాను.

మొదటి ఏడాది కెమిస్ట్రీ క్లాసులో కూర్చోడానికి చోటు ఉండేది కాదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో సెమిస్టర్‌కి సగం కుర్చీలు ఖాళీ. పక్కన కూర్చున్న ప్రతివాళ్లూ వాళ్ల హైస్కూల్లో ఫస్టే, పైగా గ్రేడ్లు కర్వ్ మీద, అంటే క్లాసులో మిగతావాళ్లతో పోల్చి ఇస్తారు. నాకు సి వచ్చింది. తర్వాత ఎన్ని ఏ గ్రేడ్లు తెచ్చుకున్నా ఆ సి నా జీపీఏని, అంటే గ్రేడ్ల సగటుని, కిందికి లాగుతూనే ఉంది. మళ్లీ చదివి మార్చుకుందామంటే, ఆమ్‌కాస్ (మెడికల్ స్కూళ్ల ఉమ్మడి అప్లికేషన్ సర్వీసు) రెండు గ్రేడ్లూ కలిపే లెక్క వేస్తుంది.

మూడో ఏడాది ఫిబ్రవరిలో అడ్వైజర్ పిలిచి, నా సైన్స్ జీపీఏ 3.3 కాబట్టి కమిటీ లెటర్ (కాలేజీ తరఫున మెడికల్ స్కూళ్లకు పంపే సిఫార్సు లేఖ) ఇవ్వడం కుదరదని చెప్పింది. ఈ ఏడాది అప్లై చేయకపోవడమే మంచిదంది. లెటర్‌కి కటాఫ్ ఉందని నాకు తెలిసింది ఆరోజే. మొండిగా లెటర్ లేకుండానే పద్దెనిమిది స్కూళ్లకు పంపాను. కమిటీ ఉన్న కాలేజీ నుంచి లెటర్ లేకుండా వస్తే, ఎందుకు లేదని అవతలివాళ్లు అడుగుతారు. నా దగ్గర చెప్పడానికి ఏముంది? ఒక్క ఇంటర్వ్యూ రాలేదు.

అప్పుడు అర్థమైంది ఆ 90 శాతం ఎలా వచ్చిందో. సగం మంది ఆర్గానిక్‌లోనే మానేస్తారు. మిగిలినవాళ్లలో నాలాంటివాళ్లను లెటర్ దగ్గర ఆపేస్తారు. ఆ పైన నిలబడ్డవాళ్లతోనే లెక్క కడతారు. నాన్నకు చెబితే కాసేపు మాట్లాడలేదు. "గుంటూరులో రిజల్ట్స్ రోజు హోర్డింగులు చూస్తూ పెరిగినవాణ్ణి. ర్యాంకులొచ్చినవాళ్ల ఫొటోలే వేస్తారు, ఎంతమంది చేరారో వేయరు. నాకు తట్టాల్సింది" అన్నారు. ఆ మాట నాకు పద్దెనిమిది రిజెక్షన్ల కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

తర్వాతది త్వరగా చెప్పేస్తాను. ఇంటికి వచ్చేశాను. దగ్గర్లోని ప్రభుత్వ యూనివర్సిటీలో పై స్థాయి బయాలజీ కోర్సులు చేశాను, అన్నీ ఏ. రాత్రిళ్లు ఆసుపత్రి ఎమర్జెన్సీలో స్క్రైబ్‌గా (డాక్టర్ చెప్పే వివరాలు రాసిపెట్టే) పని. ఎంక్యాట్ (మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష) మొదట 504, రెండోసారి 515. తేడా అంతా కార్స్‌లోనే (ప్యాసేజీలు చదివి జవాబులు రాసే భాగంలోనే) వచ్చింది. ఆరు నెలలు ఒక్కరోజు మానకుండా పొద్దున్నే మూడు ప్యాసేజీలు టైమర్ పెట్టి చేశాను. పండగ రోజూ చేశాను, జ్వరంలోనూ చేశాను. మూడ్ వచ్చాక చదువుదామనుకునేవాళ్లకు ఈ పరీక్ష లొంగదు. నా సి చూసి కష్టపడలేదని చాలామంది అనుకున్నారు. ఆ సెమిస్టర్‌లో కూడా ఇంతే కష్టపడ్డాను. అక్కడ ఎవరినీ సాయం అడగలేకపోయాను, అదొక్కటే తేడా.

ఈసారి టీఎండీఎస్ఏఎస్ (టెక్సాస్ స్కూళ్ల సొంత అప్లికేషన్ సర్వీసు) ద్వారా టెక్సాస్ స్కూళ్లకే అప్లై చేశాను. ప్రొఫెసర్లు విడిగా ఇచ్చిన లెటర్లు సరిపోయాయి. ఇక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో కనీసం 90 శాతం సీట్లు రాష్ట్రం వాళ్లకే. ఇది ముందూ తెలుసు, పట్టించుకోలేదు. మీది ఏ రాష్ట్రమైనా, అక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు సొంత రాష్ట్రం వాళ్లకు ఎన్ని సీట్లిస్తాయో ముందు చూసుకోండి. హెచ్-4 (అమ్మానాన్నల హెచ్-1బి మీద వచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గ్రీన్ కార్డు లేనివాళ్లను చాలా మెడికల్ స్కూళ్లు తీసుకోవు, 21 నిండితే ఆ వీసా కూడా పోతుంది. ఇంట్లో ఈ సంగతి కాలేజీలో చేరకముందే మాట్లాడండి.

క్యాంపస్ చూడ్డానికి వెళ్తే టూర్ తిప్పే స్టూడెంట్‌ని కాదు, ప్రీమెడ్ అడ్వైజింగ్ ఆఫీసులో అడగండి. మొదటి ఏడాది ప్రీమెడ్ అన్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో చివరికి అప్లై చేసింది ఎంతమంది? కమిటీ లెటర్ అడిగిన అందరికీ ఇస్తారా, జీపీఏ చూసి ఆపుతారా? జవాబు ఈమెయిల్‌లో రాసివ్వమనండి.