ఈ ఊరి కథ కూడా మా పిల్లలదే

అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉండే తెలుగువాళ్ళకి పక్క రాష్ట్రం సౌత్ కరోలినా తీరంలోని చార్లెస్టన్ అంటే బీచ్. లాంగ్ వీకెండ్ వస్తే రెండు మూడు కుటుంబాలు కలిసి ఇల్లు అద్దెకి తీసుకుని, పులిహోర కలుపుకుని కార్లెక్కుతాం. మూడున్నర గంటల్లో ఫాలీ బీచ్‌లోనో ఐల్ ఆఫ్ పామ్స్‌లోనో దిగుతాం. మధ్యలో ఒక సాయంత్రం ఊళ్ళోకి వెళ్ళి, రంగురంగుల ఇళ్ళ ముందు ఫోటోలు దిగి, ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తాం. ఈ వసంతంలో మాత్రం మేం పాత ఊరంతా ఒక గైడ్ వెంట సైకిళ్ళ మీద తిరిగాం. ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న ప్రతి తెలుగు కుటుంబం ఒక్కసారైనా ఈ పని చేయాలని నాకు గట్టిగా అనిపించింది.

మన పిల్లలకి మన మూలాలు తెలియాలని మనం పడే తాపత్రయం అంతా ఇంతా కాదు. ఆదివారం తెలుగు బడి, కూచిపూడి క్లాసు, వేమన పద్యాలు, సంక్రాంతికి బొమ్మల కొలువు. మా ఇంట్లోనూ అవన్నీ ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా వదులుకోను. కానీ వాళ్ళు పుట్టిన నేల సంగతేంటి? దాన్ని స్కూలు చూసుకుంటుందిలే అని వదిలేస్తాం. ఇక్కడి చరిత్ర తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య ఏదో పాత తగాదా, మనకెందుకు అన్నట్టు ఉంటాం. పిల్లలు మాత్రం రోజూ ఆ చరిత్రలోంచే నడిచి స్కూలుకి వెళ్తున్నారు.

చార్లెస్టన్ పాత ఊరు ఆష్లీ, కూపర్ అనే రెండు నదుల మధ్య సముద్రం వైపు చొచ్చుకొచ్చిన సన్నటి నేల. ఇంగ్లీషువాళ్ళు 1670లో ఆష్లీ నది అవతలి ఒడ్డున దిగి, పదేళ్ళ తర్వాత ఊరిని ఇక్కడికి మార్చారు. ఎక్కడా గుట్టా మిట్టా లేదు కాబట్టి గేర్లు లేని బీచ్ సైకిళ్ళే ఇస్తారు. వాటికి హ్యాండిల్ దగ్గర బ్రేకులు ఉండవు, పెడల్‌ని వెనక్కి తొక్కితే ఆగుతాయి. మొదటి మలుపు దగ్గర మావారి వేళ్ళు బ్రేకు కోసం గాల్లో వెతుక్కున్నాయి. ఏడేళ్ళ చిన్నాడికి ఆయన సైకిల్ వెనకాలే తగిలించే ఒంటి చక్రం సైకిల్ ఇచ్చారు. పదమూడేళ్ళ పెద్దది సొంత సైకిల్ మీద, గైడ్‌ని అంటిపెట్టుకుని ముందు వెళ్ళింది.

మా గైడ్ అరవై దాటిన నల్లజాతి ఆవిడ, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగారు, టీచర్‌గా రిటైరయ్యారు. ఏదైనా చెప్పే ముందు పిల్లల్ని అడగడం ఆవిడ పద్ధతి. ఒక పాత ఇంటి ముందు ఆపి, గోడ మీద వరసగా ఉన్న గుండ్రటి ఇనుప బిళ్ళలు చూపించి, ఇవెందుకో చెప్పండి అన్నారు. అలంకారం అంది మా అమ్మాయి. కాదు, 1886 ఆగస్టు 31 రాత్రి ఇక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత గోడలు విడిపోకుండా ఇంటికి అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొసకి ఇనుప కడ్డీలు వేసి, చివర్లు ఇలా బిళ్ళలతో బిగించారు. ఇక దారి పొడుగునా ఆ బిళ్ళలు వెతకడమే మావాడి పని.

ఇళ్ళు కూడా విచిత్రంగా ఉంటాయి. వీధికి ఇంటి పక్క గోడే కనిపిస్తుంది, ఒక్క గది వెడల్పు. వీధి తలుపు తీస్తే గది కాదు, పొడవాటి వసారా వస్తుంది. సముద్రపు గాలి తగలడానికి అలా కట్టారు. కొన్ని వసారాల పైకప్పుకి లేత నీలం రంగు ఉంటుంది. ఆ రంగు ఉంటే దెయ్యాలు రావని గల్లా గీచీ వాళ్ళ నమ్మకం. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి వాళ్ళు. ఈ తీరంలో వాళ్ళకి తమదైన భాష, వంటలు, పాటలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంతవరకూ సరదాగానే సాగింది. ఆ తర్వాత ఒక పాత ఇటుక గోడ పక్కన ఆవిడ సైకిల్ ఆపారు. నడుం ఎత్తులో ఉన్న ఒక ఇటుకలో పక్కపక్కనే మూడు చిన్న గుంటలు ఉన్నాయి. వేలు పెట్టి చూడు అన్నారు మావాడితో. పెట్టాడు. సరిగ్గా పట్టాయి. ఈ ఊరి పాత ఇటుకలు చాలావరకు చుట్టుపక్కల తోటల్లో, అంటే ప్లాంటేషన్లలో, బానిసలు చేసినవే. మట్టి ఇంకా తడిగా ఉండగానే వాటిని తిప్పి ఆరబెట్టే పని చాలాచోట్ల పిల్లలది, అవి వాళ్ళ వేళ్ళ గుర్తులు అని చెప్పారు. వాడు చటుక్కున చెయ్యి తీసేసుకున్నాడు. కాసేపాగి, వాళ్ళకి స్కూల్ లేదా అన్నాడు. బానిసలకి రాయడం నేర్పకూడదని 1740లోనే ఇక్కడ చట్టం చేశారు. 1834 చట్టం చదవడం నేర్పడాన్ని కూడా నేరం చేసింది. ఆవిడ ఆ మాటని ఏడేళ్ళ పిల్లాడికి అర్థమయ్యేలా, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పారు.

అంత చిన్నపిల్లాడికి ఇవన్నీ ఎందుకు చెప్పించావు, రాత్రి పడుకుంటాడా అని తర్వాత మా స్నేహితురాలు నన్ను అడిగింది. ఆ టెన్షన్ నాకూ అర్థమవుతుంది. కానీ మనం భారతం చెప్పేటప్పుడు లక్క ఇల్లు దాచిపెట్టం, ద్రౌపది సభ దాచిపెట్టం. బాధ ఉన్న కథని పిల్లలు మోయగలరు, చెప్పే మనిషి పక్కనే ఉంటే చాలు. సైకిల్ మీద అయితే ఇంకో మేలుంది. విన్నాక వెంటనే మళ్ళీ తొక్కాలి. గాలి తగులుతుంది, కాళ్ళు పనిచేస్తాయి, మనసు తనంతట తాను ఆ మాటని సర్దుకుంటుంది. పక్కపక్కన తొక్కుతున్నప్పుడు వచ్చే ప్రశ్నలు కారు వెనక సీట్లోంచి ఎప్పుడూ రావు. అక్కడ హెడ్‌ఫోన్స్ ఉంటాయి.

బానిసల వేలం జరిగిన చామర్స్ వీధిలో సైకిల్ దిగి నడవాల్సిందే. ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చిన గుండ్రాళ్ళు పరిచిన వీధి అది, చక్రం నిలవదు. 1856లో బహిరంగ వేలాలని నగరం ఆపేస్తే, వ్యాపారాన్ని ప్రహరీ లోపలికి మార్చారు. 1863 దాకా అక్కడ మనుషుల్ని అమ్మారు. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. ఉత్తర అమెరికాకి తెచ్చిన ఆఫ్రికన్ బానిసల్లో నూటికి నలభై మంది దాకా ఈ రేవు మీదుగానే వచ్చారని అంచనా. వాళ్ళలో చాలామంది దిగిన గాడ్స్‌డెన్ రేవు దగ్గర 2023లో అంతర్జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. దాని భవనం నేలని తాకదు, స్తంభాల మీద నిలబెట్టారు.

పిల్లలిద్దరికీ బాగా నచ్చింది రాబర్ట్ స్మాల్స్ కథ. సముద్రపు గట్టు మీద, సమ్టర్ కోటని దూరంగా చూపిస్తూ చెప్పారావిడ. బానిసత్వం నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాదికీ ఉత్తరాదికీ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, 1861 ఏప్రిల్ 12న మొదటి ఫిరంగి గుళ్ళు పేలింది ఆ కోట మీదే. ఏడాది తర్వాత, 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఊళ్ళో పడుకుని ఉండగా, స్మాల్స్ అనే ఇరవై మూడేళ్ళ బానిస తను పనిచేసే ప్లాంటర్ అనే ఓడని కదిలించాడు. దారిలో భార్యాపిల్లల్నీ తోటివాళ్ళ కుటుంబాల్నీ ఎక్కించుకున్నాడు. కెప్టెన్ టోపీ పెట్టుకుని, అతనిలాగే నిలబడి, ప్రతి కోట దగ్గరా సరైన విజిల్ కూత వేసుకుంటూ దాటించాడు. ఫిరంగుల దూరం దాటాక తెల్ల దుప్పటి ఎగరేసి ఉత్తరాది నౌకాదళాన్ని చేరుకున్నాడు. తర్వాత అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. వాళ్ళు దొరికిపోతే అని మావాడు ఊపిరి బిగబట్టి విన్నాడు. బానిసత్వం అంటే కొట్టించుకున్నవాళ్ళ కథ మాత్రమే కాదనీ, అందులో ఇంత తెలివీ తెగువా ఉన్నాయనీ పిల్లలకి తెలియాలి. లేకపోతే జాలి మిగులుతుంది, గౌరవం పుట్టదు.

నా వరకు అసలు సంగతి మార్కెట్ దగ్గర జరిగింది. అక్కడ స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్టలు అల్లే ఆడవాళ్ళు కూర్చుంటారు. అరగదీసిన చెంచా కాడతో గడ్డి కట్టలో సందు చేసి, తాటి జాతి చెట్టు ఆకు పీలికని అందులోంచి దూర్చి బిగిస్తారు. చుట్టు మీద చుట్టు. వాటి మధ్య వెడల్పుగా, లోతు లేకుండా ఒకటి కనిపించింది. బియ్యం చెరగడానికి అన్నారు గైడ్. గుండ్రంగా ఉందన్న మాటే గానీ అది చేటే. అప్పట్లో ఈ ఊరి సంపదలో పెద్ద భాగం వరిదే. ఆఫ్రికాలో వరి పండించే తీరం నుంచి తెచ్చిన మనుషులు ఇక్కడి చిత్తడి అడవులు నరికి, గట్లు కట్టి, తూములు పెట్టి మళ్ళు చేశారు. సముద్రం పోటుకి నదిలో మంచినీళ్ళు పైకి ఎగదన్నినప్పుడు తూము ఎత్తి నీళ్ళు పెట్టేవాళ్ళు, ఆటుకి వదిలేసేవాళ్ళు. పండిన వడ్లని రోట్లో పోసి రోకళ్ళతో దంచి, ఇలాంటి బుట్టల్లో చెరిగేవాళ్ళు. నేను కోనసీమలో పుట్టినదాన్ని. కాలవలూ తూములూ మధ్య పెరిగాను. నాకు ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మళ్ళీ సైకిలెక్కాక మా అమ్మాయి పక్కకొచ్చింది. "అమ్మా, పండించింది వాళ్ళయితే ఈ ఇళ్ళన్నీ వేరేవాళ్ళవి ఎలా అయ్యాయి?" అంది. చెప్పాను. కాసేపు తొక్కి, "మరి తాతయ్య పొలంలో ఎవరు పనిచేసేవాళ్ళు?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. కానీ వచ్చాక పక్కకి తప్పుకోవాలని అనిపించలేదు. పేట నుంచి వచ్చేవాళ్ళు అని చెప్పాను. వాళ్ళ ఇళ్ళు ఊరికి ఎందుకు దూరంగా ఉండేవో చెప్పాను. నా చిన్నప్పుడు మా ఊరి టీ కొట్టులో వాళ్ళకి గ్లాసులు విడిగా ఉండేవని, తాగాక వాళ్ళే కడిగి పెట్టేవాళ్ళని చెప్పాను. మనుషుల్ని సంతలో అమ్మడం, కులం పేరుతో దూరం పెట్టడం ఒకటి కాదు, రెండిటి చట్టాలు వేరు, చరిత్రలు వేరు. కానీ ఒకరి కష్టం మీద ఇంకొకరి ఇల్లు నిలబడటం రెండు చోట్లా ఉంది. గోదావరి అందం, అమ్మమ్మ ఆవకాయ చెప్పి ఇది చెప్పకపోతే, పిల్లలకి మనం ఇచ్చేది సగం ఊరు. పరాయి ఊరి గోడలో ఇటుక చూపించి కళ్ళనీళ్ళు పెట్టుకునే హక్కు, మన ఊరి గ్లాసు గురించి మాట్లాడినవాళ్ళకే ఉంటుంది.

చివరి మజిలీ కాల్హూన్ వీధిలోని ఎమ్మాన్యుయేల్ చర్చి, నల్లవాళ్ళ చర్చి. 2015 జూన్ 17న బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని ఒక జాత్యహంకారి అక్కడ కాల్చి చంపాడు. అప్పటికి మా అమ్మాయి పుట్టింది. అంటే ఇది పాత కథ కాదు. "స్కూల్లో వైట్, కలర్డ్ అని విడిగా ఉన్న రోజుల్లో మనం ఎటువైపు ఉండేవాళ్ళం?" అని అడిగింది. అసలు మనల్ని రానిచ్చేవాళ్ళే కాదమ్మా అన్నాను. 1946 చట్టం ప్రకారం ఇండియా నుంచి ఏడాదికి వంద మందికే వాటా. 1964లో రంగు వివక్షని నిషేధించిన పౌరహక్కుల చట్టం, ఆ మరుసటి ఏడాదే దేశాల వారీ వాటాలు తీసేసిన వలస చట్టం వచ్చాయి. రెండూ ఒకే ఊపులో వచ్చినవి. నల్లవాళ్ళు దెబ్బలు తిని నెట్టిన తలుపులోంచి మనం వీసా పట్టుకుని లోపలికి వచ్చాం. మన పార్టీల్లో వాళ్ళ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఇకమీదట ఊరుకోవాలని లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. మార్చి నుంచి మే మధ్య గానీ, అక్టోబర్, నవంబర్‌లో గానీ వెళ్ళండి. వేసవిలో ఉక్కకి పిల్లలు తట్టుకోలేరు. బుక్ చేసే ముందు పోటు ఎప్పుడో చూసుకోండి. పున్నమి, అమావాస్యల దగ్గర పెద్ద పోటుకి కొన్ని వీధుల్లోకి నీళ్ళు వచ్చేస్తాయి. ముఖ్యంగా, బానిసత్వం గురించి చెప్తారా అని ముందే అడగండి. ఇళ్ళూ తోటలూ చూపించి పంపేసే టూర్లు కూడా ఉంటాయి. తిరిగాక బొబ్బర్లు అన్నం కలిపి వండే హాపింగ్ జాన్ తినండి. బొబ్బర్లూ, ఇక్కడ పులుసుల్లో వేసే బెండకాయలూ ఆఫ్రికా నుంచి ఈ జనంతోనే వచ్చాయి. శాకాహారులైతే అడిగి తీసుకోండి, ఎక్కువచోట్ల పంది మాంసం వేస్తారు.

ఇంటికొచ్చాక ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మాయి, "అమ్మమ్మా, మన పొలంలో కోతలు కోసినవాళ్ళ పేర్లు చెప్పు" అని అడిగింది. మా అమ్మ మొదట తెల్లబోయింది. తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయింది. మగవాళ్ళ పేర్లు చాలావరకు గుర్తున్నాయి. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి, ఫలానా వాడి పెళ్ళాం, ఫలానా దాని కోడలు అని ఆగిపోయింది. వాళ్ళ పేర్లు కనుక్కుని చెప్పమని మా అమ్మాయి పట్టుబట్టింది. నాలుగు రోజులకి మా అమ్మే ఫోన్ చేసింది. పేటకి వెళ్ళిందట, ఇద్దరు ముసలివాళ్ళు ఇంకా ఉన్నారట, పిల్ల వస్తే మాట్లాడతామన్నారట. జూన్‌లో వెళ్తున్నాం. అక్కడ కూడా సైకిల్ మీదే తిరుగుదాం అంటోంది పెద్దది. కాలవ గట్టు రోడ్డు బాగానే ఉందని, సైకిళ్ళు రెండు చూసి పెడతానని మా తమ్ముడు మాటిచ్చాడు.