స్లో, స్లో, స్లో

“పిన్నీ, నువ్వు తెర మరీ ఎక్కువ చూస్తున్నావు. పాట విను” అంది బుజ్జి. అందరి ముందూ. నాకు! నేను డీడీఆర్ (డాన్స్ డాన్స్ రెవల్యూషన్, తెర మీద వచ్చే బాణాలు చూసి, పాటకి తగ్గట్టు కాళ్ళ కింది బాణాలు తొక్కే ఆట) పాడ్ ఎక్కేనాటికి అది పుట్టనే లేదు. దాని నోరే అంత గానీ, నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

అసలు తప్పంతా ఆ గేమ్ సెంటర్ మెషీన్‌ది. పాత క్యాబినెట్. మొదట ఉండాల్సిన సీఆర్‌టీ మానిటర్, ఆ బరువైన పెట్టె, పోయినట్టుంది. దాని చోట్లో ఎవరో మామూలు టీవీ బిగించేశారు. బొమ్మయితే నిగనిగలాడుతోంది. కానీ సీఆర్‌టీలో బొమ్మ వచ్చింది వచ్చినట్టే తెర మీద పడుతుంది. చాలా టీవీలు అలా కాదు, లోపల కాసేపు పట్టుకుని మెరుగులు దిద్ది అప్పుడు వదుల్తాయి. ఆ కాసేపు మూడు ఫ్రేములే అనుకోండి. సెకనుకి 60 ఫ్రేముల లెక్కన 50 మిల్లీసెకన్లు. వార్తలు చూసేవాళ్ళకి పోయేదేం లేదు. డీడీఆర్‌లో అన్నిటికన్నా పెద్ద మార్కు మార్వెలస్ పడాలంటే తొక్కే క్షణానికి అటూ ఇటూ దాదాపు ఒక్క ఫ్రేము, దాని కింది పర్ఫెక్ట్‌కి రెండు. పైకి వచ్చే బాణం తెర పైభాగంలో కదలకుండా ఉండే ఖాళీ బాణంతో కలిసిన క్షణానికి ఖచ్చితంగా తొక్కినా సరే, మనకి దక్కేది ఇంకా కింది మార్కు, గ్రేటే. పాట సమయానికే వస్తుంది, మార్కులు పాటని బట్టే పడతాయి, బొమ్మ ఒక్కటే ఆలస్యంగా నడుస్తుంది. తొక్కిన ప్రతిదానికీ ఆలస్యమైందంటూ స్లో, స్లో, స్లో అని చూపిస్తుంటే ఎలా ఉంటుంది చెప్పండి?

అక్కడ పనిచేసే కుర్రాడికి చెప్పాను. “పనిచేస్తోంది కదా మేడమ్” అన్నాడు. ఇదిగో, ఈ మాటకే నాకు ఒళ్ళు మండింది. దీపాలు వెలుగుతున్నాయి, ప్యానెళ్ళు నొక్కుకుంటున్నాయి, పాట మోగుతోంది, ఇంకేం కావాలి అని. శ్రుతి తప్పిన వీణ కూడా మోగుతూనే ఉంటుంది కదయ్యా! ఇంట్లో కంప్యూటర్ మీద ఆడే ఇలాంటి ఆట, స్టెప్‌మేనియా అయితే ఆఫ్‌సెట్ (పాటకీ బొమ్మకీ మధ్య తేడాని సరిచేసే లెక్క) నాలుగు అంకెలు మార్చుకుంటే పోతుంది. అక్కడ ఆ సెట్టింగులు నా చేతిలో ఉండవు. ఉన్నవాడికేమో తేడా ఉందనే తెలియదు. మెషీన్ పూర్తిగా చెడిపోతే కనీసం కాగితమైనా అంటించి పెడతారు. ఇలా సగం చెడినవాటిని బాగుచేసే నాథుడే ఉండడు. పైగా నా వెనక నిలబడ్డ ఇద్దరు నాకు ఆట రాదనే అనుకుని ఉంటారు. ఆ ఊహ ఒకటి.

సరే, తర్వాత బుజ్జి ఎక్కింది. వెనకున్న బార్ పట్టుకోదు, బాణాల వేగం మార్చే స్పీడ్ మాడ్ పెట్టుకోదు, ఒక కాలిని రెండో కాలి అవతలికి వేయాల్సిన క్రాసోవర్ వస్తే కాళ్ళు మెలేసుకుంటుంది. చార్ట్, అంటే పాటకి వచ్చే బాణాల వరస, చదవడం దానికింకా సరిగ్గా రాదు. కూనిరాగం తీస్తూ తొక్కింది. కొన్ని బాణాలు మొత్తానికే వదిలేసింది. తొక్కినవి మాత్రం మార్వెలస్, పర్ఫెక్ట్, మార్వెలస్. అదే మెషీన్, అదే టీవీ. నాకంటే ఎక్కువ స్కోరు. అప్పుడే అంది ఆ మాట.

టోపీ అబ్బాయి గుర్తొచ్చాడు. పేరు ఎప్పుడూ అడగలేదు, మేమందరం టోపీ అనే పిలిచేవాళ్ళం. అప్పట్లో స్కోరు కోసం ఆడేవాళ్ళు వేరు, చూసేవాళ్ళ కోసం డాన్స్‌లా ఆడే ఫ్రీస్టైల్ వాళ్ళు వేరు. ఇతను ఫ్రీస్టైల్. తెరకి వీపు పెట్టి, చూసేవాళ్ళకేసి తిరిగి ఆడేవాడు. మధ్యలో మోకాలి మీద కూలబడి, ఎడమ బాణం అరచేత్తో కొట్టి, అదే ఊపులో లేచేవాడు. ఆ మోకాలు ఏమయ్యేదో గానీ మేం మాత్రం అరిచేవాళ్ళం. ఒకసారి పాట మధ్యలో మానిటర్ ఠక్కున ఆరిపోయింది. పాట ఆగలేదు. స్కోరు వాళ్ళలో ఎవరైనా అయితే అక్కడే దిగిపోయేవాళ్ళు. అతనికి తెర ఆరిన సంగతే తెలియలేదు! మేం కేకలేస్తే ఉత్సాహపరుస్తున్నాం అనుకుని ఇంకా రెచ్చిపోయాడు. పాట అయ్యాక వెనక్కి తిరిగి, నల్లటి తెర చూసి, “ఎంతొచ్చింది అక్కా?” అని నన్నే అడిగాడు. ఏం చెప్పను?

అతను పాట విని ఆడాడని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే అదీ కాదేమో. ఆ చార్ట్ అతనికి కంఠతా వచ్చు. కాళ్ళకి ముందే తెలిసిన వరస. బుజ్జిది అలా కాదు, ఆ పాట అది మొదటిసారి ఆడింది.

ఒంటిగంటకి లేచి లాప్‌టాప్‌లో స్టెప్‌మేనియా తెరిచాను. శబ్దం పూర్తిగా తీసేసి, కీబోర్డు మీద వేళ్ళతో, బాగా అలవాటైన పాట. స్కోరు మామూలుగా వచ్చేంతే వచ్చింది. ఇంతకాలం మ్యూజిక్ గేమ్ ఆడుతున్నానని అనుకుంటున్న మనిషికి ఇది మింగుడుపడే సంగతి కాదు.

అయినా ఇందులో డీడీఆర్ తీరు కూడా ఉంది. కొనామీయే 1997లో తెచ్చిన బీట్‌మేనియాలో మీట నొక్కితేనే ఆ స్వరం పలుకుతుంది. ఆలస్యమైతే ఆలస్యంగా పలుకుతుంది, మానేస్తే పాటలో అక్కడ గండి. చెవే మొట్టికాయ వేస్తుంది. మరుసటి ఏడే, 1998లో వచ్చిన డీడీఆర్‌లో కాళ్ళు ఎటు పోయినా పాటకి పట్టదు, దాని దారిన అది పోతుంది. తప్పయిందని చెప్పేది తెరే. అలాంటప్పుడు కళ్ళు ముదరక ఏమవుతాయి?

ఇంకో సంగతి. బుజ్జి పద్ధతి 150 బీపీఎం (నిమిషానికి 150 బీట్లు) దాకా బాగానే ఉంటుంది, బీట్‌కి బీట్‌కి మధ్య 400 మిల్లీసెకన్లు. 300 బీపీఎం పాట, మాక్స్ 300 పెట్టమనండి చూద్దాం. అర బీట్ల మీద బాణాలు, అంటే సెకనుకి పది. మధ్యలో చప్పున ఒక ఆగుడు. అక్కడ చెవితో ఏ బాణం ఏ వైపో ఎలా తెలుస్తుంది? కళ్ళే దిక్కు. ఈ మాట అప్పుడే తోచి ఉంటే దాని నోరు మూయించేదాన్ని. ఇంటికొచ్చాకే తోస్తాయి ఇలాంటివన్నీ.

ఆదివారం మళ్ళీ పోదాం అంటోంది. పోతాను. నెమ్మది పాటలు రెండు మూడు దాని పద్ధతిలోనే, తెర పైన కాకుండా ఎటో చూస్తూ ఆడతాను, దానికి చెప్పకుండా. కుర్రాడికి కాకుండా ఈసారి మేనేజర్‌కే టీవీ సంగతి చెప్తాను. ఆ టీవీ మార్చేదాకా ఆ మెషీన్ మీద మాక్స్ 300 మాత్రం ముట్టను.